నలభై ఒక్క సమాధుల పొర

నమోదు 2207. ఉదయం, పోటు

ఈ కుర్చీలో నా తరవాత కూర్చునేవాళ్ళకి ముందుగా ఒక మాట. కుర్చీ కుడికాలి కింద మడిచి పెట్టిన అట్టముక్క తీయకండి. పేట మొత్తం గుంజల మీద ఉంది కాబట్టి పోటు వచ్చినప్పుడల్లా ఈ గది కాస్త ఊగుతుంది. అట్టముక్క లేకపోతే చెయ్యి జారి, పటంలో ఎవరిదో పడవల రేవు ఎత్తుకెళ్ళి నడిసముద్రంలో పెడతారు. నేను ఒకసారి పెట్టాను. ఆ రేవాయన వారం రోజులు నా మొహం చూడలేదు.

ఏ ఫైలు తెరిచాం, ఏం మార్చాం, నీళ్ళు ఎక్కే పోటా, దిగే పాటా అన్నది రోజూ రాయాలని పై ఆఫీసు ఆజ్ఞ. రాసింది ఎవరూ చదవరు. చదవని చోట కనీసం పనికొచ్చేది రాద్దామని నేను చిట్కాలు రాస్తుంటాను. నా అసలు పేరు పేటలో ఎవరికీ గుర్తులేదు, అందరూ పటాలమ్మ అంటారు. మొక్కు తీర్చుకోటానికి ఇంకా ఎవరూ రాలేదు, అంతవరకూ నయం.

అసలు ఫైలు మీద ఎప్పుడూ చెయ్యి పెట్టకండి. నకలు తీసుకుని దాని మీద పని చేయండి, పేరులో తేదీ రాయండి. నాకు ముందు పనిచేసినాయన "చివరిది", "అసలు చివరిది", "ఇదే చివరిది" అని మూడు ఫైళ్ళు వదిలి వెళ్ళాడు. మూడూ మూడు రకాలు.

ఇవాళ ఉత్తరం వచ్చింది. తుపాను అలల్ని ఆపే గోడ పని మొదలైందట. గుంజలు దించే మిషను మనిషి లేకుండా పటం చూసుకుంటూ పోతుంది. సమాధి అని గుర్తున్న చోట చుట్టూ రెండు మీటర్లు వదిలిపెడుతుంది. గుర్తు లేకపోతే కింద ఏముందో దానికి అక్కర్లేదు, ఇనప గుంజ దించేస్తుంది. పంతొమ్మిది రోజుల్లో ఈ పేటవాళ్ళ పాత ఊరు ఉప్పుతిప్ప మునిగిన నీళ్ళలోకి వస్తుంది. ఈలోగా సమాధుల పొర సరిచూసి పంపమన్నారు. పొర అంటే ఏమీ లేదు, ఒక్కో సంగతికి ఒక్కో పల్చటి కాగితం అనుకోండి. కాలవలకి ఒకటి, రోడ్లకి ఒకటి, సమాధులకి ఒకటి. ఒకదాని మీద ఒకటి పరిస్తే ఊరు కనబడుతుంది.

సమాధుల పొర నా చేతి పనే. తొమ్మిదేళ్ళ క్రితం కనిగిరి నుంచి ఈ ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, చర్చి కాపలాదారు ఎప్పుడో కాగితం మీద గీసిన స్మశానం నమూనా నా చేతికిచ్చారు. దాన్ని పటంలో కూర్చి, ఒక్కో సమాధి పైన నీళ్ళలో నెంబరు వేసిన పసుపు డ్రమ్ము కట్టించాను. నలభై ఒక్క డ్రమ్ములు. నా బతుకులో మంచి పని ఏదంటే అది చూపిస్తాను.

పదిహేడో డ్రమ్ము ఎస్తేరుది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఊరు మునగటానికి చాలా ముందే జ్వరంతో పోయింది. వాళ్ళమ్మ రాహేలమ్మ పిన్ని ఆదివారం ప్రార్థన కాగానే పడవలో అక్కడికెళ్ళి, డ్రమ్ముకి తాడు కట్టుకుని కూర్చుంటుంది. చింతపండు గింజలు తీస్తూ పేటలో ఎవరింట్లో ఏం జరిగిందో అంతా కూతురికి చెబుతుంది. నా గురించి కూడా చెబుతుందట. ఏం చెబుతుందో అడిగితే "తల్లీకూతుళ్ళ మధ్య నీకేం పనే" అంటుంది.

నమోదు 2209. మధ్యాహ్నం, పాటు

సముద్రం అడుగు ఎత్తుపల్లాల కొత్త సర్వే వచ్చింది. ఆత్రంగా తెరిస్తే మా ఊరు లేదు. వెతగ్గా వెతగ్గా ఉత్తర ధ్రువం పక్కన మంచులో తేలింది. అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం కొట్టారు మహానుభావులు. మీకూ ఊరు మాయమైతే ముందు ఆ రెండు గడులు తారుమారు చేసి చూడండి. నూటికి తొంభైసార్లు ఊరు ఇంటికి తిరిగొస్తుంది.

పడవ నడిపే యాకోబన్న గుమ్మంలోంచి చూసి, "చలిగా ఉందా పటాలమ్మా, దుప్పటి తేనా?" అని నవ్వాడు. ఈ ఆఫీసుకి సిబ్బంది అంటే నేనూ, ఆయనా, ఆయన పడవా.

ఖాళీ గడి వేరు, సున్నా వేరు. కొలవని చోట లోతు ఖాళీగా వదలాలి. సున్నా వేస్తే అక్కడ నేల ఉందని కంప్యూటరు నమ్ముతుంది, దాని మీద ఇల్లు కట్టమంటుంది. తెలియనిది తెలియదని ఒప్పుకోవటానికి మనుషులకే సిగ్గు, పటానికి సిగ్గు ఉండకూడదు.

నమోదు 2212. ఉదయం, పోటు

సమాధుల పొరని కొత్త సర్వే మీద పరిచాను. తీసి మళ్ళీ పరిచాను.

నలభై ఒక్క సమాధులూ ఒక చతురస్రంలో పడ్డాయి. చుట్టూ నాలుగు వైపులా గట్టు, ఒక మూల తూము. ఈ కోస్తాలో పుట్టనిదాన్నే అయినా ఆ ఆకారం పోల్చుకోగలను. అది రొయ్యల చెరువు. రొయ్యల చెరువులో ఎవరైనా మనిషిని పాతిపెడతారా?

తప్పు కొత్త సర్వేదే అనుకున్నాను. మనది కాదనుకోవటం ఎంత హాయో. ఒక్కొక్కటే చూశాను. ప్రతి పటానికీ తను ఏ కొలతల పద్ధతిలో పుట్టిందో చెప్పే చీటీ ఒకటి ఉంటుంది. ఆ చీటీ చించి వేరేది అంటిస్తే పటం మారదు, అబద్ధం ఆడటం మొదలుపెడుతుంది. పటాన్ని లెక్కకట్టి మార్చటం వేరు, చీటీ మార్చటం వేరు. ఆ పాపం ఎవరైనా చేశారేమో అని చూశాను. చేయలేదు. మీటర్లు, డిగ్రీలు కలిసిపోయాయేమో చూశాను. ఒకప్పుడు డిగ్రీల్లో ఉన్న పొర మీద "చుట్టూ రెండు వదులు" అని కొట్టాను, రెండు మీటర్లనుకుని. రెండు డిగ్రీలంటే రెండొందల ఇరవై కిలోమీటర్లు. మా కనిగిరితో సహా అంతా స్మశానంలో కలిసిపోయింది. ఈసారి అదీ కాదు.

కాలవలు పరిచాను, అతికినట్టు కూర్చున్నాయి. రోడ్లు పరిచాను, కూర్చున్నాయి. సమాధుల పొర ఒక్కటే తన దారిన తానుంది. అంటే తప్పు నాదే.

నమోదు 2213. మధ్యాహ్నం, పాటు

రాహేలమ్మ పిన్ని మెత్తళ్ళ ఎండుచేపలు పొట్లం కట్టి తెచ్చింది.

"అమ్మాయ్, గోడ మా పిల్ల దగ్గరికి వస్తదంట గదా. నీ డబ్బాలో దాని నెంబరు ఉందో లేదో చూడు."

"ఉంది పిన్నీ" అన్నాను, కంప్యూటరు వంక చూసి.

"పదిహేడే గదా?"

"పదిహేడే."

"సరే మరి. నువ్వుండగా నాకేంటి బయ్యం" అని, గోడకి అంటించిన కాపలాదారు నమూనా దగ్గరికెళ్ళి నిలబడింది. చదువు రాదు గానీ గీతలు పోల్చుకుంటుంది. చర్చి బొమ్మ మీద వేలు పెట్టి, "పాపం, గంట గోపురం మొదటి తుపానుకే కూలిపోయింది. శిలువ ఒక్కటే దక్కింది. మా ఆయనా వాళ్ళూ ఈదుకుంటా పోయి తెచ్చి, వాటర్ ట్యాంకు మీద నిలబెట్టారు, పడవలోళ్ళకి దారి తెలవాలని" అంది.

"ఏ ట్యాంకు పిన్నీ?"

"అదేనే, నీళ్ళలో కనపడతా ఉంటది గదా, శిలువ ఉన్న మొండి స్తంభం. ట్యాంకు నెత్తి అప్పటికే ఇరిగిపోయి అదే మిగిలింది."

"అది చర్చి గోపురం కాదా?"

ఆమె నా వంక జాలిగా చూసింది. "చర్చి అక్కడెక్కడిదే? చర్చి ఇంకా తూర్పుకి గదా. ఇన్నేళ్ళనుంచి ఉంటున్నావు, ఇదీ తెలవదా?"

నాకు తెలియదు. పేటలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. డ్రమ్ములు ట్యాంకు పక్కకి ఎలా వచ్చాయని వాళ్ళూ అడగలేదు, ఆఫీసు కొలిచి కట్టింది గదా, నీళ్ళలో తమ అంచనాయే తప్పనుకుని ఉంటారు. నమూనాలో అన్ని సమాధులకీ దూరాలు గంట గోపురం నుంచే రాసి ఉన్నాయి. నీళ్ళ పైన శిలువతో ఉన్న కట్టడం ఒక్కటే కనబడింది. కొత్త ఉద్యోగం, నా తెలివి చూపించాలన్న తొందర. ఆ స్తంభమే గోపురం అనుకుని నమూనా మొత్తాన్ని దానికి కట్టేశాను.

ఇది పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించుకోండి: ఒక్క గుర్తుతో పటం కట్టకండి. ఒక్క గుర్తుతో కడితే కంప్యూటరు "తప్పు సున్నా" అని చూపిస్తుంది. ఎందుకు చూపించదు, పక్కన పోల్చుకోవటానికి రెండోది లేదు గదా. ఆ సున్నా చూసి నేను ఆ రోజు లడ్డూలు పంచాను.

పిన్నికి ఏమీ చెప్పలేదు. మెత్తళ్ళు తీసుకుని నవ్వాను. ఇప్పుడు ఆ పొట్లం చూస్తే ఏడుపొస్తోంది.

నమోదు 2216. ఉదయం, పాటు

మూడు రోజులుగా యాకోబన్నతో నీళ్ళలో ఉన్నాను. చర్చి గోడలు పోయినా రాతి పునాది అడుగున అలాగే ఉంది, కొత్త సర్వేలో గీత గీసినట్టు కనబడుతోంది. అక్కడికెళ్ళి పడవ గెడ దించి మూలలు తడిమి చూశాం. నాలుగు గుర్తులు పట్టాను: చర్చి పునాది రెండు మూలలు, కాలవ మీది వంతెన, బడి మెట్లు. నాలుగూ ఒకే పక్కన గుంపుగా ఉండకూడదు, పటం నాలుగు చెరగులూ పట్టుకున్నట్టు దూరదూరంగా ఉండాలి. దుప్పటిని ఒక్క మూల పట్టుకుని దులిపితే ఏమవుతుందో తెలుసు గదా.

నమూనాని మళ్ళీ కట్టాను. ఈసారి తప్పు సున్నా రాలేదు, అరవై సెంటీమీటర్లు వచ్చింది. ఆ అరవై సెంటీమీటర్లని చూసి నాకు ధైర్యం వచ్చింది. కొంచెం తప్పు ఒప్పుకునే పటాన్నే నమ్మాలి.

అసలు సమాధులు నా డ్రమ్ములకి తూర్పుగా రెండొందల పన్నెండు మీటర్ల దూరంలో ఉన్నాయి. సరిగ్గా గోడకి దించే గుంజల మూడో వరస దారిలో. పొర ఇలాగే ఉంటే, మిషను ఖాళీ రొయ్యల చెరువుని భక్తిగా తప్పుకుని, వెళ్ళి మనుషుల మీద గుంజలు దించుతుంది. ఇంకా పది రోజులుంది.

నమోదు 2217. మధ్యాహ్నం, పోటు

సమాధి గుర్తు అంగుళం జరపాలన్నా ఆ ఇంటివాళ్ళు ఆఫీసు ట్యాబ్ మీద వేలిముద్ర వేయాలి. ఒకప్పుడు గోడ కట్టేవాళ్ళే తమకి అడ్డమొచ్చిన సమాధుల్ని పటంలో పక్కకి తోసేశారు, అందుకని వచ్చిన రూలు. మంచి రూలే. ఇవాళ నా పీక మీద కూర్చుంది.

యాకోబన్న ఉపాయం చెప్పాడు. "తాళ్ళు తెగినయ్యని చెప్పి డ్రమ్ములు మార్చేద్దాం. పాత గుర్తులు కొత్తవి చేయిస్తున్నామంటే అందరూ ముద్రలేస్తారు. తొమ్మిదేళ్ళు తప్పు చోట కూకున్నావని ఆ ముసలామెకి చెప్తే ఏంటి లాభం? చెప్పకపోతే ఏంటి నష్టం?"

ఆయన దుర్మార్గుడు కాదు, పిన్ని మీద ప్రేమతోనే అన్నాడు. నాకు ఆశ పుట్టింది కూడా. భోజనం చేస్తున్నంతసేపూ చెప్పకుండా ఉండటానికి కారణాలు వెతుక్కున్నాను, బోలెడు దొరికాయి. చెయ్యి కడుక్కుంటుంటే ఒకటి తట్టింది. ఆ కారణాలన్నీ నా పరువు చుట్టూ తిరుగుతున్నాయి, ఒక్కటీ పిన్ని దగ్గరికి పోవటం లేదు. పటం ఎందుకు మార్చామో రాయకుండా మార్చితే అది దొంగ పటం. రేపు ఆదివారం, చెప్పేస్తాను.

నమోదు 2218. ఉదయం, పాటు

ప్రార్థన అయ్యాక "నేనూ వస్తాను పిన్నీ" అని పడవెక్కాను. ఆమె సంతోషపడింది. డ్రమ్ముకి తాడు కట్టి, చింతపండు చాట ఒళ్ళో పెట్టుకుని, "ఇదిగోనే, నీకు చెప్తా ఉంటానే పటాలమ్మ, ఇయ్యాల ఎంటబెట్టుకొచ్చా" అని నీళ్ళతో అంది.

ఇక ఆగితే చెప్పలేనని తెలుసు.

"పిన్నీ, ఎస్తేరు ఇక్కడ లేదు."

"అవునమ్మా, దేవుడి దగ్గరుంది."

"అది కాదు పిన్నీ. సమాధి ఇక్కడ లేదు. నేనే తప్పు చోట డ్రమ్ము కట్టించాను. ట్యాంకుని చూసి గోపురం అనుకున్నాను. ఎస్తేరు అటు, తూర్పున ఉంది."

గింజలు తీసే చెయ్యి ఆగింది.

"మరి ఇక్కడేముంది?"

"రొయ్యల చెరువు."

నీళ్ళు పడవ పక్కని కొట్టుకుంటున్నాయి.

"మా ఆయన పోయినరోజు అందరికంటే ముందు దీనికే వచ్చి చెప్పాను" అంది. "దీని ఈడు పిల్లలకి పెళ్ళిళ్ళయితా ఉంటే ఇక్కడే ఏడ్చాను. అదంతా నేను రొయ్యలకి చెప్పానా అమ్మాయ్?"

నాకు ఏడుపు ఆగలేదు. ఎవరు ఏడ్చినా "ఏడవమాకు" అనే మనిషి, నన్ను అనలేదు.

"పడవ తిప్పు" అంది.

వేలిముద్ర మాట ఎత్తటానికి నాకు నోరు రాలేదు.

నమోదు 2223. సాయంత్రం, పోటు

అయిదు రోజుల్లో ఇరవై ఆరు ఇళ్ళు తిరిగాను. ఒకాయన శాపనార్థాలు పెట్టాడు. ఒకావిడ మంచినీళ్ళిచ్చి ఓదార్చింది, అదే ఎక్కువ కష్టంగా ఉంది. ఒక కుర్రాయన "ఎక్కడైతే ఏంటండీ, అంతా నీళ్ళే గదా" అని ట్యాబ్ నొక్కేశాడు. ఇరవై అయిదు ఇళ్ళవాళ్ళు ముద్రలు వేశారు. నలభై సమాధులు ఒడ్డున పడ్డాయి.

మిగిలింది పదిహేడు. పిల్లల సమాధులు పెద్దవాళ్ళవాటికి దూరంగా, ప్రహరీ వారగా ఒక వరసలో ఉన్నాయి. ఆ వరసలో అన్నిటికన్నా చివర ఎస్తేరు. పక్క సమాధి కోసం వదిలిన జాగా అక్కడిదాకా రాదు. గోడ పటంలో సరిగ్గా పదిహేడు మీద ఒక గుంజ గుర్తు ఉంది. ఎన్నిసార్లు కొలిచినా ఉంది. ఇంకా మూడు రోజులు.

పై ఆఫీసులో రజియా మేడంకి ఫోన్ చేసి, ఒక్క ముద్రే తక్కువ, కనికరించమన్నాను. "ఆ తల్లి ముద్ర లేకుండా ఆమె బిడ్డని నేనెట్లా జరుపుతానమ్మా?" అంది. ఆమె చెప్పింది న్యాయమే.

సాయంత్రం పిన్ని గుమ్మంలో కూర్చున్నాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. చీకటి పడేముందు ఆమే బయటికి వచ్చింది.

"నీ మీద కోపం లేదనను, ఉంది" అంది. "కానీ ముద్ర ఎయ్యంది కోపానికి కాదు. నీ డబ్బా ఒకసారి నాకు అబద్ధం చెప్పింది. ఇప్పుడు అటుందంటంది. నేను ముద్దరేస్తే ఆ పదిహేడో డ్రమ్ము అక్కడ్నించి తీసేస్తారు. రేపు మళ్ళీ, తప్పయింది పిన్నీ, ముందు చోటే కరెక్టు అంటావు. అప్పటికి అక్కడ గుంజ దించేస్తే? రెండుసార్లు నా బిడ్డని పోగొట్టుకోమంటావా?"

అరవై సెంటీమీటర్లు అని చెప్పనా? ఆమె అడుగుతున్నది సెంటీమీటర్ల గురించి కాదు.

"డబ్బా మాట నమ్మొద్దు పిన్నీ" అన్నాను చివరికి. "నువ్వే వచ్చి చూడు. గెడ నీ చేతికిస్తాను. నీకు నమ్మకం కుదరకపోతే ముద్ర వెయ్యొద్దు, నేనూ అడగను."

సరేననలేదు. తలుపు మాత్రం వేయలేదు.

నమోదు 2225. ఉదయం, బాగా పాటు

నిన్న పోటు దిగలేదు, అందుకే వెళ్ళలేదు. ఇవాళ అమావాస్య పాటు, నీళ్ళు మొలలోతుకి దిగుతాయని యాకోబన్న తెల్లారకముందే పడవ సిద్ధం చేశాడు. రేవు దగ్గరికి వెళ్ళేసరికి పిన్ని అప్పటికే పడవలో కూర్చుని ఉంది. దూరంగా గుంజల మిషను చప్పుడు వినిపిస్తోంది. మూడో వరస రేపు పొద్దున మొదలవుతుంది.

నేను చోటు చూపించే యంత్రం ఆఫీసులోనే వదిలి వచ్చాను. అడుగడుగుకీ ముడి వేసిన తాడు ఒకటే తెచ్చాను. ఎంత మంచి పటమైనా ఆఖరికి వెళ్ళి నేలని అడగాల్సిందే, ఇంతకంటే పెద్ద చిట్కా నాకు తెలియదు.

చర్చి పునాది మొదటి మూల పిన్నే గెడతో వెతికి పట్టుకుంది. "ఇదే, ఈ మూలే. ఇక్కడ నీళ్ళ కుండ ఉండేది" అంది. గంట గోపురం నిలబడ్డ రెండో మూలకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఉత్తరపు గోడ పునాది వరసలోనే తిన్నగా తాడు లాగాం. నమూనాలో పదిహేడుకి తొంభై రెండు అడుగులని ఉంది. ముడులు పిన్నే లెక్కపెట్టింది, పైకి, గట్టిగా. తొంభై రెండు దగ్గర యాకోబన్న పడవ ఆపి పట్టుకున్నాడు.

పిన్ని గెడ దించింది. బురద. ఇంకొంచెం పక్కన దించింది. బురదే. మూడోసారి టక్కుమంది.

ఆమె గెడ అక్కడే ఆన్చి పట్టుకుంది. "రాయి ఎక్కడైనా ఉంటది" అంది.

"ఉంటుంది పిన్నీ. అంచులు తడిమి చూడు."

నిజమే, ఒక దెబ్బకి నమ్మకూడదు. ఆమె గెడతో మెల్లగా జరుపుకుంటూ పోయింది. టక్, టక్, టక్, తరవాత మెత్తగా బురద. వెనక్కి వచ్చి రెండో కొస పట్టింది. పడవ పక్కన తాడు ఆన్చి నేను కొలిచాను.

"చిన్నదే" అంది పిన్ని. "పెద్దోళ్ళది కాదు."

నేను తాడు మీద ముడులు లెక్కపెట్టాను. నమూనా పట్టికలో పదిహేడో సమాధి పలక పొడవు నాలుగు అడుగులని ఉంది. తాడు మీద నాలుగు దాటి ఇంకా ముప్పాతిక అడుగు వస్తోంది. మళ్ళీ కొలిచాను, అంతే వచ్చింది. ఇది వేరే ఎవరిదో పలక అయితే? మళ్ళీ తప్పైతే? దాచిపెట్టాలని ఒక్క క్షణం అనిపించింది, అది కూడా రాస్తున్నాను. కానీ ఈ ఆడమనిషికి ఇంకో అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు.

"పిన్నీ, కాగితంలో నాలుగు అడుగులని ఉంది. ఇది ముప్పాతిక అడుగు ఎక్కువ వస్తోంది. సరిపోవటం లేదు."

ఆమె చేతిలో గెడ అలాగే ఉంది. నా వంక చూసింది.

"ఎక్కువ వస్తందా? ఎటు పక్క, కాళ్ళవైపా?"

"అది కాగితంలో లేదు పిన్నీ. ఎక్కువ ఉందన్నదే తెలుస్తోంది."

"ఎంతుంటది, జానెడా?"

"జానెడే."

ఆమె పడవ అంచు మీద కూలబడింది. గెడ మాత్రం వదల్లేదు, రెండు చేతులతో పట్టుకుని నుదురు దానికి ఆన్చింది.

"కాపలాదారు రాసుకుపోయినాక పోయించాం ఆ జానెడు" అంది. "నాలుగడుగులు చాలన్నాడు మేస్త్రి. కాళ్ళకాడ ఇంకో జానెడు పొయ్యమని నేను ఏడ్చాను, పిల్ల ఎదుగుద్ది గదా, ఇరుకైపోద్దని. అందరూ నాకు పిచ్చెక్కిందనుకున్నారు. మా ఆయనొక్కడే ఏమనలేదు. మర్నాడు తనే సిమెంటు కలిపి పోశాడు."

యాకోబన్న మొహం అటు తిప్పుకున్నాడు. నేను పిన్ని కాళ్ళ దగ్గర కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. "ఏడవమాకు" అంది నాతో, తను ఏడుస్తూనే.

ట్యాబ్ తీసిస్తే, తడి వేలు కొంగుకి తుడుచుకుని ముద్ర వేసింది. పడవలోంచే పై ఆఫీసుకి పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది: పదిహేడు మీద పడాల్సిన గుంజ తీసేశారు. పట్టికలో నాలుగు కొట్టేసి, నాలుగు అడుగుల జానెడు అని రాశాను. ఎవరు చెప్పారు అన్న గడి ఒకటి ఉంటుంది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అందులో "తల్లి" అని రాశాను.

పసుపు డ్రమ్ము ఈ చోటికి తెచ్చి కట్టాం. పిన్ని పడవ తాడు దానికి ముడేసింది. చింతపండు చాట తేలేదు గాబట్టి ఉత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళలోకి వంగి, "ఎస్తేరూ, నీకు చానా చెప్పాలే" అని మొదలుపెట్టింది. డ్రమ్ములు కట్టిన ఏడు నుంచి. ఏ ఏడాది ఏ తుపాను, ఎవరికి ఎవరు పుట్టారు, యాకోబన్న పడవ ఎలా మునిగింది, కనిగిరి నుంచి ఒక తిక్క పిల్ల ఎలా దిగింది. నా గురించి ఏం చెబుతుందో ఇన్నాళ్ళకి విన్నాను. ఇక్కడ రాయను.

ఎండెక్కింది. పోటు మొదలై పడవ పైకి లేస్తోంది. యాకోబన్న ఓపిక పట్టి పట్టి, "పిన్నీ, నీళ్ళొచ్చేత్తన్నయ్, పోదామా?" అన్నాడు.

"ఉండరా, తొందరేంటి" అంది, తల తిప్పకుండానే. "ఇంకా రెండో ఏడే గదా చెప్తా ఉంది."